మన ఇంటి కెమెరా – కొన్ని మెళకువలు



ఇంట్లో పెద్దవారు కాలం చేసినప్పుడు, కర్మాంతరం నాటికి గోడకు తగిలించి దండ వేయడానికి ఒక మంచి ఫోటో కావలసి వస్తుంది. అప్పుడు మొదలవుతుంది వెతుకులాట. ఇంట్లో నాలుగు సెల్‌ఫోన్లు ఉంటాయి. బీరువాలో ఎప్పుడో కొన్న డిజిటల్ కెమెరా కూడా ఉంటుంది. వాటిలో వేల కొద్దీ ఫోటోలు ఉంటాయి. అయినా ఆ అవ్వ ముఖం తేటగా కనిపించే ఫోటో ఒక్కటి దొరకదు. ఒకదానిలో ఆమె తల వంచుకుని ఉంటుంది. ఒకదానిలో వెనక కిటికీ వెలుగు కొట్టి ముఖం నల్లబడి ఉంటుంది. ఇంకొకదానిలో పదిహేనుమంది మధ్య చింతగింజంత కనిపిస్తుంది. చివరికి ఆధార్ కార్డులోని బొమ్మనే స్టూడియోకు తీసుకుపోయి పెద్దది చేయించి తెచ్చుకుంటాము. ఆ బొమ్మలో ఉన్నది మన అవ్వేనా అని మనకే అనుమానం వస్తుంది.

నేను బడిపంతులును. ఒకసారి తరగతిలో పిల్లలతో, "రేపు వచ్చేటప్పుడు మీ అవ్వ, తాతల ఫోటో ఒక్కటి తీసుకురండి, వాళ్ళ గురించి నాలుగు మాటలు చెబుదురుగాని" అన్నాను. మరునాడు కొందరు కార్డుల నకళ్ళు తెచ్చారు. కొందరు పెళ్ళి గుంపు ఫోటో తెచ్చి, వేలు పెట్టి, "ఇదిగో సార్, ఈ మూలన ఉన్నది మా అవ్వ" అన్నారు. ఒక పిల్లవాడు మాత్రం ఉత్త చేతులతో వచ్చాడు. "మా నాయన ఫోన్ పాడైపోయింది సార్, అన్నీ అందులోనే ఉన్నాయి" అన్నాడు. ఆ పిల్లవాడి తాత అప్పటికి లేరు. ఆ మాట నాకు చాలాకాలం గుర్తుండిపోయింది.

అందుకే ఈ ప్రసంగంలో డిజిటల్ కెమెరాను బాగా వాడుకోవడం ఎలాగో కొన్ని మెళకువలు చెప్పాలనుకున్నాను. కెమెరా విడిగా ఉన్నా, ఫోన్‌లో ఉన్నా ఈ మెళకువలు చాలావరకు ఒక్కటే. ఖరీదైన కెమెరా కొనమని నేను చెప్పబోవడం లేదు. ఇంట్లో ఉన్నదానినే సరిగా వాడుకుందామని చెప్పబోతున్నాను.

ముందుగా ఒక చిన్న సంగతి. 1975లో అమెరికాలోని ఈస్ట్‌మన్ కొడాక్ కంపెనీలో స్టీవెన్ శాసన్ అనే యువ ఇంజనీరు మొట్టమొదటి డిజిటల్ కెమెరాను తయారు చేశాడు. అది సుమారు మూడున్నర కిలోల బరువుండేది. తీసిన బొమ్మ నలుపు తెలుపులో ఉండేది. ఒక్క బొమ్మను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. ఆ బొమ్మలో అడ్డంగా 100, నిలువుగా 100, మొత్తం పదివేల చుక్కలు మాత్రమే ఉండేవి. ఈ చుక్కలనే పిక్సెల్స్ అంటారు. పది లక్షల పిక్సెల్స్ కలిస్తే ఒక మెగాపిక్సెల్.

అంగడికి వెళితే అమ్మేవాడు మొదట చెప్పేది ఈ మెగాపిక్సెల్ లెక్కే. కాని మనకు నిజంగా ఎన్ని కావాలి? ఆల్బంలో పెట్టుకునే 6 అంగుళాలకు 4 అంగుళాల ఫోటో నాణ్యంగా అచ్చు కావాలంటే, అంగుళానికి 300 చుక్కల చొప్పున లెక్క వేయండి. 1800ని 1200తో గుణిస్తే 21 లక్షల 60 వేలు. అంటే రెండు మెగాపిక్సెల్స్ పైచిలుకు చాలు. గోడకు తగిలించే 10 అంగుళాలకు 8 అంగుళాల ఫోటోకైనా 72 లక్షలు, అంటే ఏడు మెగాపిక్సెల్స్ సరిపోతాయి. బీరువాలో మూలపడి ఉన్న మీ పాత కెమెరాకు సాధారణంగా ఆపాటి శక్తి ఉంటుంది. కాబట్టి ఫోటో బాగా రాకపోతే తప్పు చుక్కలది కాదు. వెలుగు, చేతి నిలకడ, దగ్గరితనం, ఈ మూడింటిలో ఏదో ఒకటి లోపించి ఉంటుంది. తీసిన తరువాత దాచుకోవడంలో కూడా మనం పొరపాట్లు చేస్తూ ఉంటాము. వీటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది వెలుగు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని మనవాళ్ళు అంటారు. ఫోటోకు కూడా ఈ సామెత సరిగ్గా సరిపోతుంది. కెమెరా మన కన్నులాంటిది కాదు. మన కన్ను ఎండలో ఉన్నదానినీ, నీడలో ఉన్నదానినీ ఒకేసారి చూడగలదు. కెమెరాకు ఆ శక్తి తక్కువ. నడి మధ్యాహ్నం మనిషిని ఎండలో నిలబెట్టి ఫోటో తీస్తే, ఎండ నెత్తిన పడి, కళ్ళ కింద, ముక్కు కింద నల్లని నీడలు పడతాయి. మనిషి కళ్ళు చికిలించుకుంటాడు. అదే మనిషిని ఉదయం ఎనిమిది గంటల లోపలో, సాయంత్రం అయిదు దాటిన తరువాతో తీసి చూడండి. ముఖంలో కళ వేరుగా ఉంటుంది. మా తొప్పూరులో చుట్టూ కొండలు ఉన్నందున పొద్దు కొంచెం ఆలస్యంగా పైకి వస్తుంది, సాయంత్రం కొంచెం ముందుగానే కొండ చాటుకు పోతుంది. పొద్దు కొండ చాటుకు పోయిన తరువాత ఆకాశం ఇంకా తెల్లగా ఉండే ఆ అరగంట మనుషుల ఫోటోలకు మంచి సమయం.

మధ్యాహ్నమే తీయవలసి వస్తే ఏం చేయాలి? మనిషిని చింతచెట్టు నీడలోకి, లేదా పంచలోకి పిలవండి. చెట్టు నీడలో ఆకుల సందుల నుంచి ఎండ పొడలు ముఖం మీద పడకుండా చూసుకోండి. ఇంటి లోపల అయితే అన్నింటికన్నా మంచి చోటు తలవాకిలి. మీ అవ్వను గడప లోపల, వాకిలి వైపు ముఖం పెట్టి పీట మీద కూర్చోబెట్టండి. మీరు బయట నిలబడి తీయండి. బయటి వెలుగు మెత్తగా ముఖం మీద పడుతుంది, వెనక ఇల్లు చీకటిగా ఉంటుంది. ఏ స్టూడియోలోనూ ఇంతకన్నా మంచి వెలుగు దొరకదు. దీనికి ఖర్చు కూడా ఏమీ లేదు.

వాకిలికి గాని, కిటికీకి గాని వీపు పెట్టి కూర్చున్న మనిషిని మాత్రం తీయకండి. వెనక వెలుగు ఎక్కువైతే కెమెరా ఆ వెలుగుకు తగినట్లు సర్దుకుని, ముఖాన్ని నల్లగా చేసేస్తుంది. తప్పనిసరి అయితే ఫ్లాష్ వేసి తీయండి. పగటిపూట ఫ్లాష్ ఎందుకని అనుకోవద్దు. ఎదురు వెలుగు ఉన్నప్పుడు ముఖం మీది నీడను పోగొట్టేది అదే.

మరొక చిన్న విషయం. కెమెరా తాను చూసే ప్రతి దృశ్యమూ నలుపుకూ తెలుపుకూ మధ్యస్థంగా ఉందని అనుకుంటుంది. అందువల్ల తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకున్న తాతను సున్నం కొట్టిన గోడ ముందు నిలబెడితే, ఆ తెలుపంతా చూసి కెమెరా భయపడి బొమ్మను మసక చేస్తుంది. మీ కెమెరాలో కూడిక, తీసివేత గుర్తులు ఉన్న మీట ఒకటి ఉంటుంది. అప్పుడు దానిని కూడిక వైపు ఒక మెట్టు జరపండి. నల్లరాతి విగ్రహాన్ని దగ్గరగా తీసేటప్పుడు తీసివేత వైపు జరపండి. ఫోన్‌లో అయితే ముఖం మీద వేలితో తాకితే చాలావాటిలో ఒక సూర్యుడి గుర్తు వస్తుంది. దానిని పైకీ కిందికీ జరిపితే ఇదే పని అవుతుంది.

రెండవది నిలకడ. ఫోటో మసకగా వచ్చిందంటే చాలాసార్లు చెయ్యి కదిలిందని అర్థం. వెలుగు తక్కువైన కొద్దీ కెమెరా కన్ను ఎక్కువసేపు తెరుచుకుని ఉంటుంది. ఆ కాసేపట్లో చెయ్యి ఏమాత్రం వణికినా బొమ్మ చెదిరిపోతుంది. అందువల్ల కెమెరాను ఒంటిచేత్తో పట్టుకోకండి. రెండు చేతులతో పట్టుకుని, మోచేతులు డొక్కలకు ఆనించండి. స్తంభానికి వీపు ఆనించుకుంటే ఇంకా మంచిది. తిన్నె ఉంటే దాని మీద కెమెరాను పెట్టండి. మీట నొక్కినప్పుడు కలిగే అదురు కూడా పోవాలంటే రెండు సెకన్ల టైమర్ పెట్టి తీయండి.

మీటను ఒక్కసారిగా గుభాలున నొక్కకూడదు. చాలా కెమెరాల్లో మీటకు రెండు మెట్లు ఉంటాయి. సగం నొక్కితే కెమెరా దూరం కొలుచుకుని, వెలుగు కొలుచుకుని, సిద్ధంగా ఉన్నానని కూత పెడుతుంది. అప్పుడు మిగతా సగం నొక్కాలి. "నేను నొక్కినప్పుడు నవ్వుతున్నాడు, ఫోటోలో చూస్తే నవ్వు పోయింది" అని చాలామంది అంటూ ఉంటారు. సగం నొక్కి పట్టుకుని, నవ్వు రాగానే పూర్తిగా నొక్కితే ఆ నవ్వు తప్పిపోదు.

కదిలే వాటి సంగతి వేరు. పరుగెత్తే పిల్లలకు, సంక్రాంతి నాడు వదిలే ఎద్దులకు మన చేతి నిలకడ ఒక్కటే చాలదు. కెమెరాలో పరుగెత్తే మనిషి గుర్తు ఉంటే దానిని పెట్టుకోండి. వేగం మనమే పెట్టుకునే కెమెరా అయితే, ఊరికే కూర్చున్న మనిషికి సెకనులో 60వ వంతు, ఆడే పిల్లలకు 250వ వంతు, ఎద్దుకు 500వ వంతు లేదా ఇంకా తక్కువ అని గుర్తుంచుకోండి. ఐ.ఎస్.ఓ. అనే అంకె కెమెరా వెలుగును ఎంత పెంచి చూపాలో చెబుతుంది. దానిని పెంచితే తక్కువ వెలుగులోనూ వేగంగా తీయవచ్చు. కాని చిన్న కెమెరాల్లో అది 800 దాటిన తరువాత బొమ్మ మీద ఇసుక చల్లినట్లు కనిపిస్తుంది. పగలు 100, నీడలో 400 ఉంటే సాధారణంగా సరిపోతుంది.

మూడవది దగ్గరితనం. మనం ఫోటో తీసేటప్పుడు మనిషితో పాటు గుడి గోపురం, బస్సు, చెట్టు, పక్కింటి గోడ, అన్నీ రావాలనుకుంటాము. చివరికి మనిషి చీమంత అవుతాడు. ఎవరి ఫోటో తీస్తున్నామో ముందు అది తేల్చుకోండి. తరువాత రెండడుగులు ముందుకు వేయండి. మనిషి తల నుంచి నడుము దాకా వస్తే చాలు, కాళ్ళు లేకపోయినా నష్టం లేదు. జూమ్ కూడా రెండు రకాలని గుర్తుంచుకోండి. కెమెరా ముక్కు ముందుకు పొడుచుకు వచ్చి దగ్గరగా చూపితే అది కటకం చేసే పని, దానివల్ల నష్టం లేదు. ఆ హద్దు దాటిన తరువాత డిజిటల్ జూమ్ అని ఒకటి వస్తుంది. అది ఉన్న బొమ్మలోని మధ్య ముక్కను కత్తిరించి సాగదీస్తుంది, అంతే. ఆ పని తరువాత ఇంట్లో కూర్చుని మనమే చేసుకోవచ్చు. కాబట్టి డిజిటల్ జూమ్‌ను ఆపివేయండి. దానికి బదులు మీ కాళ్ళకు పని చెప్పండి.

పిల్లలను తీసేటప్పుడు మీరు నిలబడి కిందికి చూస్తూ తీయకండి. గొంతుకు కూర్చుని వాళ్ళ కళ్ళ ఎత్తులో తీయండి. పెద్దవాళ్ళను తీసేటప్పుడు కెమెరాను ఎత్తిపట్టుకుని, "నవ్వండి, నవ్వండి" అని అరవకండి. మన అవ్వలు కెమెరా చూడగానే కొయ్యబారిపోతారు. కొంగు సర్దుకుని, ఊపిరి బిగబట్టి నిలబడతారు. అలాంటప్పుడు మాటల్లోకి దించండి. "అవ్వా, మీ పెళ్ళికి ఎన్ని బండ్లు కట్టినారు?" అని అడిగి చూడండి. ఆమె చెప్పడం మొదలుపెట్టిన తరువాత మెల్లగా మీట నొక్కండి. ఆ ముఖమే మీకు కావలసిన ముఖం.

ఇక రాత్రిపూట ఫ్లాష్ గురించి ఒక్క మాట. చిన్న కెమెరాలోని ఫ్లాష్ వెలుగు సుమారు పది అడుగుల దాకా మాత్రమే సరిగా పారుతుంది. తిరునాళ్ళలో వంద అడుగుల దూరంలో ఉన్న రథానికి ఫ్లాష్ వేస్తే, ముందు నిలుచున్నవారి తలలు తెల్లగా, రథం చీకటిగా వస్తుంది. అటువంటప్పుడు ఫ్లాష్ ఆపి, కెమెరాను గోడ మీద ఆనించి తీయండి. కార్తీక దీపాలు, అగ్నిహోత్రం ముందు కూర్చున్న వధూవరులు, వీటికి కూడా ఫ్లాష్ ఆపితేనే ఆ దీపకాంతి బొమ్మలో నిలుస్తుంది.

ఇంతవరకు మనుషుల గురించి చెప్పుకున్నాము. మన ప్రాంతంలో రాళ్ళకు కూడా కథలున్నాయి. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల్లో పొలం గట్ల మీద, చెట్ల కింద వీరగల్లులు కనిపిస్తాయి. తమిళంలో నడుకల్ అంటారు. పశువుల మందను కాపాడబోయి, ఊరికోసం పోరాడి చనిపోయిన వీరుల పేరున నిలిపిన రాళ్ళవి. ధర్మపురిలోని ప్రభుత్వ మ్యూజియంలో కూడా కొన్నింటిని చూడవచ్చు. ఎండకూ వానకూ అరిగిపోయిన ఈ రాళ్ళను నడి మధ్యాహ్నం తీస్తే, ఉత్త బండలాగే కనిపిస్తాయి. ఉదయం గాని సాయంత్రం గాని ఎండ పక్కనుంచి ఏటవాలుగా పడుతున్నప్పుడు తీయండి. ప్రతి గీతకూ ఒక నీడ పడి, కత్తి పట్టిన చెయ్యి, విల్లు, అక్షరాల వంపులు లేచి కనిపిస్తాయి. ఎండ లేని చోట ఒకరిని టార్చిలైటుతో పక్కన నిలబెట్టి వెలుగును ఏటవాలుగా వేయించండి. అక్షరాలు కనబడాలని సుద్దముక్కతో గీయడం, నూనె పూయడం మాత్రం చేయవద్దు. అది రాతికి హాని.

ఇదే పద్ధతి మీ ఇంట్లోని పాత కాగితాలకు కూడా పనికి వస్తుంది. పాత ఫోటోలు, భూమి పత్రాలు, బడి సర్టిఫికెట్లు, తాత తెలుగులో రాసుకున్న పద్దుల పుస్తకం, అవ్వ పాటలు రాసుకున్న నోటుపుస్తకం, ఇవన్నీ చెదలకూ చెమ్మకూ లోకువే. 2015 డిసెంబరులో చెన్నై వరదల్లో ఎందరి ఇళ్ళలోనో సర్టిఫికెట్లు, పెళ్ళి ఫోటోలు నీటిపాలయ్యాయి. మరోచోట నకలు దాచుకున్నవారికి ఆ దుఃఖం కొంత తగ్గింది.

కాగితాన్ని ఫోటో తీసే పద్ధతి చెబుతాను. కిటికీ దగ్గర, నేరుగా ఎండ పడని చోట, బల్ల మీద కాగితాన్ని పరచండి. ఫ్లాష్ ఆపండి, లేకపోతే మెరుపు పడి మధ్యలో అక్షరాలు పోతాయి. కెమెరాలో పువ్వు గుర్తు ఉంటుంది, దగ్గరి వస్తువులకు అది పెట్టుకోవాలి. కెమెరాను కాగితానికి సరిగ్గా పైన, వంకర లేకుండా పట్టుకోండి. మరీ మీదికి వంగితే అంచులు ఉబ్బినట్లు వస్తాయి. కొంచెం పైకి జరిగి, కొద్దిగా జూమ్ చేసి తీస్తే గీతలు తిన్నగా ఉంటాయి. మీ నీడ కాగితం మీద పడకుండా చూసుకోండి. పాత ఫోటో పటంలో ఉంటే అద్దం తీసి తీయడం మంచిది. కాని ఫోటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే బలవంతంగా లాగకండి, అద్దంతోనే కొంచెం పక్కకు జరిగి, మెరుపు లేకుండా తీయండి. ఫోటో వెనక వైపు కూడా తీయడం మరవకండి. స్టూడియో ముద్ర, ఎవరో పెన్సిలుతో రాసిన పేరు, తేదీ అక్కడే ఉంటాయి.

మా ఊరివాడిగా ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. తొప్పూరు కనుమ అందంగా ఉంటుంది. బెంగళూరు నుంచి సేలం వైపు వెళ్ళే జాతీయ రహదారి 44 ఇక్కడ కొండల మధ్య నుంచి కిందికి దిగుతుంది. ఆ వాలులో బరువు లారీలు అదుపు తప్పి ఎన్నో ప్రమాదాలు జరిగాయి. అటువంటి చోట బండి ఆపి, రోడ్డు పక్కన పిల్లలను నిలబెట్టి ఫోటో తీసుకునేవారిని చూస్తే మా గుండె ఝల్లుమంటుంది. రైలు పట్టాల మీద నిలబడి తీసుకోవడం కూడా అంతే. కెమెరాలో చూసే మనిషికి పక్కనుంచి వచ్చేది కనబడదు. కొండలు కావాలంటే, తొప్పయ్యారు జలాశయం వైపు వెళ్ళి, కాలు నిలకడగా ఉన్న చోటు చూసుకుని తీసుకోండి. హొగేనకల్లో కూడా తడిసిన బండల మీద వెనక్కి వెనక్కి నడుస్తూ తీయకండి. ఏ ఫోటో కూడా ప్రాణానికి సరితూగదు.

ఇక కెమెరాను కాపాడుకోవడం. మనవి దుమ్ము ఎక్కువగా ఉండే ఊళ్ళు. కటకాన్ని చీర కొంగుతోనో, చొక్కా అంచుతోనో తుడిస్తే, దుమ్ములోని ఇసుక గీతలు పెడుతుంది. ముందు గాలి బుడ్డితో దుమ్ము ఊదండి, తరువాత కళ్ళజోడు తుడిచే మెత్తని గుడ్డతో తేలికగా తుడవండి. వానాకాలంలో చెమ్మకు కటకం లోపల బూజు పడుతుంది. కొత్త చెప్పులు, సంచుల పెట్టెల్లో వచ్చే సిలికా పొట్లాలను కెమెరాతో పాటు గాలి చొరని డబ్బాలో వేయండి. పిల్లలకు మాత్రం అందనివ్వకండి. చాలాకాలం వాడనప్పుడు బ్యాటరీని సగం ఛార్జితో, విడిగా తీసి, చల్లని చోట పెట్టండి. మళ్ళీ వేసిన తరువాత కెమెరాలోని తేదీ, గడియారం సరిచూసుకోండి. బ్యాటరీ లేక గడియారం ఆగిపోయి ఉంటుంది. అలాగే తీస్తే, మనవరాలి మొదటి పుట్టినరోజు ఫోటో ఆమె పుట్టకముందే తీసినట్లు తేదీ పడుతుంది!

చివరిది, అన్నింటికన్నా ముఖ్యమైనది, దాచుకోవడం. పాత ఫిల్ము రోలులో 36 ఫోటోలే వచ్చేవి. అందుకని ఆచితూచి తీసేవారము, కడిగించి ఆల్బంలో పెట్టుకునేవారము. ఇప్పుడు లెక్క లేదు, అందుకే లక్ష్యమూ లేదు. ప్రతి నెలా ఒక ఆదివారం కూర్చుని, మసకవి, ఒకటే రకంవి తీసివేయండి. మంచివి ఇరవై మిగిలినా చాలు.

మెమరీ కార్డు తీసుకుపోయే సంచి మాత్రమే, దాచుకునే పెట్టె కాదు. ఫోటోలను అందులోనే ఏళ్ళ తరబడి ఉంచకండి. కెమెరా బొమ్మను రాస్తున్నప్పుడు, అంటే చిన్న దీపం మినుకుమంటున్నప్పుడు, కార్డును లాగకండి. పొరపాటున ఫోటోలు చెరిగిపోతే కంగారుపడి మళ్ళీ తీయడం మొదలుపెట్టకండి. ఆ కార్డును వెంటనే పక్కన పెట్టండి. కొత్త బొమ్మలు పైన పడకపోతే, తెలిసినవారు పాతవాటిని చాలావరకు తిరిగి రాబట్టగలరు.

ప్రతి మంచి ఫోటోకూ మూడు ప్రతులు ఉండాలి. ఒకటి కంప్యూటరులోనో ఫోన్‌లోనో, ఒకటి విడిగా ఉండే హార్డ్ డిస్కులో, మూడవది వేరే ఇంట్లో. మీ అక్క హోసూరులో ఉంటే ఆమె దగ్గర, తమ్ముడు బెంగళూరులో ఉంటే అతని దగ్గర. ఇల్లు మునిగినా, కాలినా, దొంగలు పడినా మూడూ ఒకేసారి పోవు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది. చూసుకోవడానికి అది చాలు, అచ్చు వేయించడానికి చాలదు. అసలు ఫోటో పంపాలంటే డాక్యుమెంటుగా పంపండి. వీటన్నింటితో పాటు, ఏడాదికి పది ఫోటోలైనా కాగితం మీద అచ్చు వేయించండి. కాగితం ఫోటో చూడడానికి ఛార్జి అక్కరలేదు, రహస్య సంకేతం అక్కరలేదు.

ఇంకొక్క పని మిగిలింది. ఫోటోకు పేరు రాయండి. ఎవరు, ఎవరికి ఏమవుతారు, ఏ ఊరు, ఏ ఏడు. ఇప్పుడు మీకు అందరూ తెలుసు. నలభై ఏళ్ళ తరువాత ఆ ఫోటో చూసే మనవడికి తెలియదు. మనం ఈ సరిహద్దు జిల్లాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడతాము, ఉగాది చేసుకుంటాము. పిల్లలు బడిలో తమిళం, ఇంగ్లీషు చదువుకుంటారు. చాలామంది తెలుగు మాట్లాడగలరు, చదవలేరు. అందుకని పేరును తెలుగులో రాసి, కింద తమిళంలో కూడా రాయండి. అప్పుడు ఆ పిల్లవాడు తమిళం చదివి మనిషిని గుర్తుపడతాడు. పైనున్న తెలుగు అక్షరాలను చూసి, ఇది మా అవ్వ పేరే అయి ఉండాలి అని ఒక్కొక్క అక్షరాన్నీ పోల్చుకుంటాడు. మా తరగతిలో కొందరు పిల్లలు తెలుగు అక్షరాలను ఇలాగే, ఇంటి ఫోటోల వెనక నుంచే మొదట పట్టుకున్నారు.

ఈ ఆదివారం ఉదయం ఒక్క అరగంట కేటాయించండి. కెమెరాకు ఛార్జి పెట్టండి, తేదీ సరిచేయండి. అవ్వనో, తాతనో, అమ్మనో, నాయననో గడప లోపల పీట మీద కూర్చోబెట్టండి. ఫ్లాష్ ఆపండి, రెండడుగులు ముందుకు వేయండి, పాత ముచ్చట ఏదైనా అడగండి. మాట్లాడుతుండగా అయిదారు ఫోటోలు తీయండి. వాటిలో మంచిదాన్ని అచ్చు వేయించి, వెనక రెండు లిపుల్లోనూ పేరు రాసి, వారి చేతికే ఇవ్వండి. తమ ఫోటోను తాము చూసుకుని వాళ్ళు మురిసిపోతుంటే చూడండి. దండ వేయడానికి కాకుండా, చేతిలో పెట్టడానికి మనం తీసిన ఫోటో అది.